చల్లార్చడం

గోలీసోడా సీసాలు కడిగిన చేతులవి,
దస్తగిరమ్మవి.
ఆదోనిలో పత్తిమిల్లు వెనక రేకుల షెడ్డు,
గొట్టం కొసన ఎర్రటి ముద్ద.
బుగ్గలతో కాదంట, కడుపుతో ఊదాలంట.

బెంగళూరు గ్యాలరీవాళ్లు అడిగినారు,
మీ గురువెవరని.
"సీసా పగిలినప్పుడల్లా
మా నాయన వీపు మీద ఒకటిచ్చేటోడు. ఆయనే."

గాజును కరిగించడం ఎవరికైనా వస్తాది,
చల్లార్చడం రాదు.
రెండు దినాలు, జరం దిగినట్టు
మెల్లగా దిగాల వేడి.
మొన్న రెండో రాత్రే కరెంటు పోయింది.
చీకట్లో, పెట్టె లోపల,
టిక్కుమనింది
ఆర్నెల్ల పని.

తెల్లారి మూత తీసి
పగులెంబడి వేలు పోనిచ్చింది చానాసేపు.
నేను చీపురు తెచ్చినాను.
"పక్కనబెట్రా అది.
దీన్ని కిటికీలో పెట్టు,
ఎండ యాడ ఇరుగుతాదో చూద్దాం."