తిరగబడిన వంతెన

పాత అట్టపెట్టెలోంచి తీసి
కౌంటరు మీద పెట్టింది మాల్యాద్రి డ్రాయింగు మాస్టారి కూతురు.
అరచేతికి రెండింతలు లేదు కాగితం.
అందులో పెన్నా వంతెన.

బొమ్మ చుట్టూ ఒక నొక్కు,
తడి కాగితం మీద జింకు రేకు పడుకుని లేచిన చోటు.
ముప్పై ఏళ్లుగా దేవుడి పటాలకీ పెళ్లి ఫొటోలకీ
చట్రాలు కోసిన వేలు
మొదటిసారి ఒక బొమ్మని తడిమి చూసింది.

కింద పెన్సిలుతో మూడు బై పదిహేను.
ఏదో బాకీ లెక్క అనుకున్నా.
"పదిహేను తీశాడు, ఇది మూడోది."
మిగతావి యాడుండాయో ఆమెకీ తెలియదు.

కానాలు లెక్కపెట్టా. పదకొండు.
పన్నెండోది సగంలో ఉండగా కాగితం అయిపోయింది.
వాటి కింద నీడ ఎంత చిక్కనో!
దగ్గరికి పోతే నలుపు కాదు, గీతలు,
అడ్డం మీద ఏటవాలు, దాని మీద మళ్లీ అడ్డం,
చిరిగిన గోనెకి మా అమ్మ వేసే కుట్టులా.
సూది చేసింది సగమే.
మిగతా సగం యాసిడ్ తిన్నది,
ఒడ్డుని ఏరు తిన్నట్టు, ఎవరూ చూడనప్పుడు.

ఇసుకని మాత్రం ఆయన గీయలేదు.
కాగితాన్ని కాగితంగా వదిలేశాడు.
పుచ్చపాదుల దగ్గర నాలుగు చుక్కలు, ఒక గుడిసె నీడ.
అంతే.
మే నెల మధ్యాహ్నం పెన్నలో నడిచినవాడికి
ఆ తెలుపు అరికాళ్లకి తెలుస్తుంది.

"ఒక్కటే తప్పు" అంది.
"ఎడమనుండాల్సిన రంగనాయకుల గోపురం కుడిన పడింది.
అచ్చులో తిరగబడుతుందని తెలిసీ
ఏటి ఒడ్డున కూర్చుని
కంటికి కనపడింది కనపడినట్టే రేకు మీద గీశాడు నాన్న."

కోతకొచ్చిన నిలువుటద్దం ముందు పట్టుకున్నా.
నెల్లూరు నెల్లూరుకి పోయింది, కోవూరు కోవూరుకి.
మాస్టారి సంతకం మాత్రం
ఎవరిదో తెలియని భాషయింది.

కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
"ఉన్నట్టే కట్టేయ్ దస్తగిరీ."

ఆకాశంలో ఒక పిచ్చిగీత ఉంది,
రేకు ఎక్కడో గీరుకున్నది.
ఆమె చూడలేదు. నేను చెప్పలేదు.

రాత్రి కోవూరు పోతూ
వంతెన మధ్యలో సైకిలు దిగా.
లారీ పోతే పిట్టగోడ వణికింది,
ఖాళీ క్యారియరు మోగింది.
ఆ బొమ్మలో నేనుంటే
ఇంటికి పోయేవాణ్ణి మళ్లీ పనికి పోతున్నట్టే.

కింద వెన్నెల్లో ఇసుక మీద
ట్రాక్టరు చక్రాలు లోతుగా గీసిపోయిన గీతలు.
వాటిలో నీళ్లు ఊరి ఉన్నాయి,
తుడవగా మిగిలిన సిరాలాగా.