అంచు

రాత్రి పదకొండింటికి మాల్‌ల దుకాన్లు షట్టర్లు దించుకుంటయి.
అప్పుడు నా బండి లేస్తది.
అల్ ఐన్‌ల బయట ఇంక నలభై డిగ్రీలు,
నా చక్రాల కింద రెండంగుళాల మంచు.
వేడినీళ్లు పోస్తెనే మంచు సాపుగ పేరుకుంటదని
ఫోన్ల జెప్తే మా తమ్ముడు నమ్మలే.

బండి ఎక్కేముందు బకెట్ పట్టుకొని ఒక సుట్టు నడుస్త.
గుంతలు పూడ్సాలె.
తురుము మంచుల నీళ్లు కలిపి
గోడకు సున్నం మెత్తినట్టు మెత్తి అరచేతితోని అదుముత.
పిల్లలు ఎగిరేది సూసింది తక్కువ,
ఎగిరిన జాగ సూసింది ఎక్కువ.

గలీనా మేడమ్ గోడకు ఒక కాయితం అతికిచ్చింది.
అన్నిట్ల కింద టో లూప్, దాని మీద సాల్కో,
లూప్, ఫ్లిప్, లట్జ్,
నెత్తిన ఆక్సెల్. పక్కపొంటి మార్కులు.

నా లెక్క గుంతల లెక్క.
టో లూప్‌ది చింతగింజంత, చిటికెడు మంచు చాలు.
ఫ్లిప్‌ది రేగుపండంత.
లట్జ్‌ది ఎప్పుడూ మూలకే, ఒడ్లు పగిలి
పిడికెడు మింగుతది.
సాల్కోకు గుంతే ఉండదు, ఊడ్సినట్టు ఒక వంకర గీత.
లూప్‌కూ ఉండదు.
కుర్చీ లేని కాడ కూసున్నట్టు ఒంటికాలి మీద కుంగి
ఆ కాలితోనే లేసి, ఆ కాలి మీదనే దిగుడు.
మార్కులు నడిమిట్ల ఇచ్చిండ్రు గని
నన్నడిగితె ఫ్లిప్ కంటె ఇదే కష్టం.
రెండో కాలు సాయం రాదు.

ఆక్సెల్ ఒక్కటే ముందుకు సూస్కుంట ఎగురుడు.
మిగిలినయన్ని వీపు దిక్కు పోయేటియి.
ముందు కనవడ్తె సులువు గద అనుకుంటి.
కాదట. అర సుట్టు బాకీ ఎక్కువ పడ్తది.

దిగినంక ఆరింటికీ ఒకటే గీత,
కుడికాలు, వెనక్కి, బయటి అంచు.
ఏది ఎగిరిండ్రో దిగిన గీత జెప్పదు.

మైథాకు పదమూడేండ్లు. లట్జ్ కుదుర్తలేదు.
పడుతదని గాదు. నిలవడ్తది, చేతులు సాపుతది,
వాళ్ల డ్రైవర్ చప్పట్లు గొడ్తడు.
జడ్జీలే కాయితం మీద చిన్న గుర్తు వెడ్తున్నరు.
ఒకనాడు గేటుకాడ నిలవడి
"రాజ్, బండి ఆపు. సూసి చెప్పు" అన్నది,
వచ్చీరాని హిందీల.

సిరిసిల్లల పదకొండేండ్లు సాంచెలు నడిపినోన్ని,
అంచు సంగతి నాకు ఒకలు జెప్పాల్నా?
మోకాళ్ల మీద వంగి సెల్ లైట్ వెట్టిన.
మూరల కొద్ది గీత బయటి అంచు మీద నిమ్మలంగ వచ్చింది.
గుంత ఇంక జానెడు దూరముందనంగ
బెదిరిన పోగు లెక్క లోపలికి మర్లింది.
పేరుకు లట్జ్, ఎగిరింది ఫ్లిప్పు.

బండెక్కి ఒక్క సుట్టు కొడ్తె ఆ జానెడు ఉండదు.
"మంచిగున్నది" అంటె ఇంటికి పోయి పండుకుంటది.

సూపెట్టిన.
గ్లౌజు ఇప్పి ఏలుతోని ఆ వంకను తడిమింది.
అరబ్బీల ఏదో తిట్టింది, నన్నో, మంచునో.
రెండు వారాలు మాట్లాడలే.

మా రూంల దుబ్బరాజం అంటడు:
"అన్నిట్ల పెద్ద దుంకుడు మనది గాదే?
సముద్రమే దుంకినం."
నేనొప్పుకోను.
మనం విమానంల కూసున్నం, బెల్టు వెట్టుకున్నం,
ఇచ్చింది తిన్నం.
ఒకసారి ఎవలూ లేంది సూసి, కిరాయి బూట్లేసుకొని
అన్నిట్ల కిందిదాన్కి పోయిన.
అర సుట్టు గూడ తిరగలే.
తుంటి మీద పడి, నేను జేసిన గుంత నేనే పూడ్సుకున్న.
గలీనా కాయితం కింద
ఇంక శాన గోడ ఉన్నది.

నిన్న రాత్రి మూలకాడ ఏడు గుంతలు.
ఆరు గీతలు లోపలికే మర్లినయి.
ఏడోదానికాడ కూసున్న. లైట్ రెండుమార్లు వెట్టిన.
బయటి అంచు మీదనే వచ్చింది, గుంత దాకా.
అవుతల దిగిన గీత లేదు,
మనిషి జారిన మరక, గోడ దాకా.

ఆరు పూడ్సిన.
బండెక్కి ఆ మూల ఆఖరుకు వెట్టుకున్న.