ఎనక్కి పోయే దావ

కళ్యాణదుర్గం మహిళా పొదుపు సొసైటీలో
ఒకటే కంప్యూటరు. దాని మీద పూలగుడ్డ కప్పి ఉంటుంది,
లోపల ఎవరో నిద్రపోతున్నట్టు.
నా ప్రోగ్రామును ఈ అవ్వలు వాడగలరో లేదో
పరీక్షించడానికి వచ్చాను.
పరీక్ష ఎవరికో అప్పటికి తెలీదు.

ఉలిగమ్మ మొదట చెప్పులు బయట విడిచింది.
చెయ్యి కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది.
చెనిక్కాయలు ఒలిచి ఒలిచి గీతలరిగిన బొటనవేలు,
రేషను మిషను కూడా ఆనవాలు పట్టలేని వేలు.
మౌసును కోడిపిల్లలా పట్టుకుంది,
గట్టిగా పడితే చస్తుందేమోనని.

బాణం గుర్తు తెర అంచు దాటింది.
"యాడికి పాయ పాపా?"
లేచి మానిటరు వెనకాల తొంగి చూసింది.
నవ్వబోయి ఆగాను.
మేక తప్పిపోతే కంచె అవతలే గదా వెతుకుతారు.

"రెండుసార్లు నొక్కవ్వా, వెంటవెంటనే."
ఒకసారి నొక్కింది.
ఊపిరి తీసుకుంది.
రెండోసారి నొక్కింది.
ఆ ఊపిరి నా లెక్కలో లేదు.
నేనిచ్చింది అర సెకను.

తెర మీద ఎర్రగా పడింది, నేను రాసిన వాక్యమే:
చెల్లని చర్య. లోపం సంభవించింది.
అంతో ఇంతో చదువొచ్చిన గౌరక్క
గడప దగ్గర నుంచే పైకి చదివింది.
ఉలిగమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.
"నేనేం చేస్తిని తల్లీ? దుడ్డు పాయనా?
కట్టియ్యాల్నా?"

పదకొండేళ్లుగా ఇదే పని నాది.
ఆ వాక్యం ముందు ఒక మనిషి లేచి నిలబడడం
ఎన్నడూ చూడలేదు.

రాత్రి లాడ్జిలో, కరెంటు పోతూ వస్తూ ఉంటే,
ఎరుపు తీసేశాను. లోపం తీసేశాను.
రెండు నొక్కుల చోట ఒకటే ఉంచాను, దానికీ తొందర లేదు.
పదిహేడు బొత్తాలు నాలుగయ్యాయి,
మేనేజరుకు ఏం చెప్పాలో రేపు చూసుకుంటాను.
"తొలగించు" దగ్గర మాత్రం
దోమలు కుడుతున్నా చాలాసేపు కూర్చున్నాను.

పొద్దున ఆమె అడిగింది ఒక్కటే.
"లోపలికి పోయేది సరే పాపా.
బాయిలోకి దిగేటోళ్లు ముందు మెట్లు చూసుకుంటారు.
ఎనక్కి వచ్చే దావ యాడ పెడితివి?"

పెట్టాను. ప్రతి పేజీలో ఎడమ పక్క,
ఆమె బొటనవేలంత:
ఎనక్కి.
అక్షరం తప్పని ఆఫీసులో అంటారు. అననీ.

ఉలిగమ్మ లోపలికి పోయింది. వచ్చింది.
మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది.
ఆరుసార్లు.
తన పొదుపు లెక్క చూడనే లేదు.
ఏడోసారి తల తిప్పి కేకేసింది:
"రామ్మే గౌరక్కా, ఏం కాదు.
పోయినా రావొచ్చు."

గౌరక్క చెప్పులు విడుస్తోంది.
అక్కర్లేదన్నాను.
ఆ మాట తెర మీద ఎక్కడా రాసి లేదు గదా,
నమ్మలేదు.