బట్టలో లేని దారం

గుడ్డ చూస్తే కనపడదు.
పడుగులో లేదు, పేకలో లేదు,
కొంగున లేదు, అంచున కుంభాల్లోనూ లేదు.
చీర మడతపెట్టి అమ్మేశాక కూడా
పెద్ద బజారు వెనక మా గదిలో
మగ్గం నెత్తిన దుమ్ముపట్టి వేలాడుతుంటుంది
జాల దారం.
ఏ పోగు లేవాలో, ఏది అణగాలో
చెప్పింది మాత్రం అదే.

ఎనిమిదేళ్ళప్పుడు పీటెక్కి కూచుని
వాళ్ళ నాన్న కేకేసినప్పుడల్లా
ఆ దారాలు లాగింది తారిణి పిన్ని.
ఇప్పుడా చెయ్యి పైకి లేవదు.
చంక కింద కుట్లు.

మాది మూడు నాడెల నేత.
ఈ అంచుకొకటి, ఒంటికొకటి, ఆ అంచుకొకటి.
రిపోర్టులోనూ మూడు పేర్లే,
మూడింటి పక్కనా
లేదు, లేదు, లేదు.
మందొచ్చి తట్టడానికి ఆ కణానికి
గుమ్మమన్నదే లేదంది రథ్ డాక్టరమ్మ, ఒరియాలో.
తెలుగులోకి మార్చి చెప్పేటప్పుడు
నేనొక లేదు మింగేశాను.

నా ఉద్యోగమే ఆ గడ్డ ముక్కతో.
నత్రజని పొగల్లో నూరతాను,
గులాబీ రంగు నీళ్ళలో కలుపుతాను,
గంటలు గడిచాక గొట్టం అడుగున
కంటి పుసంత తెల్లటి మచ్చ.
వేలి చెమట తగిలినా ముక్కలైపోయేది,
అందుకే రెండు జతల గ్లవుజులు.
జన్యువు నుంచి నకలు దిగుతుంది,
ప్రోటీనుగా ఎన్నటికీ తర్జుమా కాదు.
పొడుగాటి పోచ.
చెత్త అన్నారు దీన్ని, చాలా ఏళ్ళు.

"బట్టలో కలవనిది బట్టనెలా పాడు సేస్తాదే?"
మంచం మీంచి అడిగింది పిన్ని.

కణాన్ని ఉన్నచోట ఉంచే జన్యువులు కొన్నుంటాయి పిన్నీ,
అవి తెగలేదు, చిరగలేదు.
ముద్రలేసి నోరు నొక్కేవాళ్ళను
ఈ పోచ చెయ్యి పట్టుకుని
సరిగ్గా వాటి దగ్గరికే తీసుకొచ్చింది.
అవి మాట్లాడ్డం మానేశాయి.
కణం ఇల్లు విడిచింది,
ముందు చంకలోకి, తర్వాత...

"ఓస్, జాలేగా!
జాల తప్పు కడితే పట్టు మంచిదే, రంగు మంచిదే,
హంస కాళ్ళు మాత్రం ఆకాశంలో ఉంటాయి."
నవ్వబోయి కుట్లు లాగితే ఆగింది.
"మరైతే ఇప్పి మళ్ళీ కట్టండే."

పళ్ళెంలో పెంచిన కణాల్లో కట్టారు.
ఎలుకల్లో కట్టి చూశారు.
మనుషుల్లో, నాకు తెలిసి, ఇంకా లేదు.
ఈసారి మింగలేదు.

ఆమె కాసేపు తన గోళ్ళు చూసుకుంది.
ముక్క పరిశోధనకి ఇస్తానన్న కాగితం అడిగి తీసుకుని
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒరియా నేర్చిన చేత్తో
తెలుగు పేరుని ఒరియా అక్షరాల్లో రాసింది,
ప్రతి అక్షరం నెత్తినా ఒక గొడుగు.
"ఇంకెవర్తికైనా పనికొస్తాదిలే" అని కాదు,
"జాగర్తగా ఉంచు, నాదది" అంది.

రాత్రి కటకం బండికి వాళ్ళు వెళ్ళారు.
పదకొండుకి కరెంటు పోయింది.
చలిపెట్టె ముందు నుంచున్నాను,
తలుపు తియ్యకూడదు,
నాలుగో అరలో ఉంది పిన్ని.
ఎర్రటి అంకెలు: మైనస్ డెబ్బై తొమ్మిది.
డెబ్బై ఎనిమిది.
వెనకెక్కడో జనరేటరు దగ్గుతోంది, అందుకోవడం లేదు.
డెబ్బై ఏడు.
జేబులో ఫోను వెలిగింది:
కింద బెర్తే దొరికింది.