పన్నెండు శాతం

ఆమదాలవలస, రైలుగేటు పక్క నా జిరాక్సు కొట్టు.
తెర మూల పసుపు చీటీ మళ్లీ లేచింది:
యాంటీవైరస్ కొత్త వెర్షన్ వేసుకుంటారా?

పాతదానికి నా మిషన్ ఆయాసం తెలుసు.
దాలినాయుడు పెన్‌డ్రైవ్ పెడితే
రెండుసార్లు దగ్గి, అప్పుడు తెరుస్తాది.
కొత్తదేమో రాజాంలో మా బావ కొట్టులో
పెళ్లికార్డు ఫైలునే దొంగని పట్టీసింది.
పెళ్లికూతురి పేరు దాంతోనే పోయింది.

వద్దులే అనుకున్నాను, పది రోజులు.

నిన్న పింఛను పనికొచ్చిన తవిటమ్మ
మిషన్ మీద వేలు ఆనించి, తీసి,
చీర కొంగుకి తుడుచుకుంటూ అడిగింది:
"నా ఏలు ఇందల ఉండిపోద్దేటి, బావూ?"
"లేదమ్మా" అన్నాను.
అన్నాక తెలిసింది, నాకు తెలీదని.

రాత్రి షట్టరు సగం దించి
'సరే' నొక్కాను.
పన్నెండు శాతం.
గేటు పడింది, విశాఖ పాసింజరు పోయింది,
గేటు లేచింది.
పన్నెండు శాతమే.