శివారు చేను

రాత్రి పదకొండుంబావుకి
రాజుగారి వాయిస్ మెసేజ్.
మాట వెనకాల చెరువులో ఏరేటర్లు తిరిగే చప్పుడు.
"అమ్మాయ్, హాల్లో సీలింగు ఉంది చూడూ,
తామరపువ్వు వద్దంటంది మా ఆవిడ.
కెరటాలు కావాలంట.
చిన్న మార్పేగా."

చిన్న మార్పే.
జిప్సం బోర్డు పదహారు షీట్లు కోసేశాం.
బ్రహ్మం మేస్త్రి మెడ వెనక్కి వాల్చి
నాలుగు రోజులు రేకు రేకూ అతికించాడు.
అతని కనుబొమల్లో ఇంకా ఆ తెల్లటి పొడి.

"ఆయ్" అని టైపు చేశాను.

నడక కంటే ముందొచ్చిన మాట అది మాకు.
పాలకొల్లులో ఎవరు పిలిచినా ముందు ఆయ్,
ఎందుకు పిలిచారో వినడం తర్వాత.
పూజగది తలుపుకి
గంటలు ఇంకో రెండు వరసలు కట్టమంటే ఆయ్.
డబ్బులు రొయ్య పట్టుబడయ్యాక అంటే ఆయ్.
తోడికోడలి అన్నగారి వంటిల్లు
"ఓసారి చూసిపో, మన పిల్లవేగా" అంటే
మూడు ఆదివారాలు ఆయ్.

మా ఇంటి హాలు గోడకి
పుట్టీ పెట్టి వదిలేసి రెండేళ్లు.
మా చిన్నది దాని మీద పెన్సిల్‌తో తలుపు గీసింది.
గడియ కూడా గీసింది.
"ఎవరి గదే ఇది?"
"నీదే. లోపల సిగ్నల్ రాదు."

మా పెద్దనాన్న కాలువ లస్కరు.
లాకుల పక్క రేకుల గదిలో ఉండేవాడు,
షట్టరు తాళంచెవి మొలతాడుకి కట్టుకుని.
ఏ ఊరికి ఏ రోజు వంతో
గోడ మీద బొగ్గుతో రాసుండేది.
ఒక దాళ్వాలో
అర్ధరాత్రి బావమరిది సైకిలు దిగాడు.
"జానెడు ఎత్తు బావా, జానెడే."
మొహమాటానికి ఎత్తాడు.
జానెడు నీళ్లే కదా.
శివారులో మూడెకరాలు
పొట్టమీదున్న చేను ఈనకుండానే ఎండింది.
ఎవరిదని అడిగితే చాన్నాళ్లు చెప్పలేదు.
నేను ఆఫీసు తెరిచిన రోజు,
కొబ్బరికాయ కొట్టి, చిప్ప నా చేతిలో పెడుతూ అన్నాడు:
"మీ పెద్దమ్మ కౌలు చేనే అది."

ఆయ్ ని చెరిపేశాను.
"కుదరదు" అని రాశాను. అదీ చెరిపాను.
"క్షమించండి" మూడుసార్లు వచ్చింది, మూడుసార్లు తీశాను.
చివరికి:
"రాజుగారూ, పొద్దున్న పదింటికి మాట్లాడదాం.
తామర విప్పి కెరటం వెయ్యచ్చు.
విప్పడానికో ధర, వెయ్యడానికో ధర అవుద్ది.
రాత్రి తొమ్మిది దాటితే ఫోను చూడనండి."

నీలం టిక్కులు పడ్డాయి.
జవాబు లేదు.
ధైర్యంగా ఏమీ అనిపించలేదు,
కడుపులో తిప్పింది.
తొమ్మిది దాటితే చూడనని రాసినదాన్ని
రెండింటిదాకా చూస్తూనే ఉన్నాను.

పదింటికి ఆయనే చేశారు.
"ఎంతవుద్దో చెప్పు," అన్నారు,
గొంతులో కట్టపరిగె ముల్లు దిగినట్టు.
చెప్పాను.
కెరటాలు వేశాం, బిల్లు వచ్చింది.
పై అంతస్తు మాత్రం తణుకు కుర్రాడికిచ్చారని
టైల్స్ షాపులో తెలిసింది.
ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఈ వారం కాలువలు కట్టేశారు.
అడుగున బురద, చెప్పులు, ఒక విరిగిన వినాయకుడు.
ప్రొక్లెయినరు పూడిక తీస్తుంటే
గట్టు మీద జనం నిలబడి చూస్తున్నారు.
నీళ్లేవని కాలువని ఒక్కరూ అడగరు.

ఆదివారం. హాలు గోడకి రంగు కలిపాను,
లేత నిమ్మపండు రంగు, ఏ క్లయింటుకీ నచ్చనిది.
పెన్సిల్ తలుపు దగ్గర రోలరు ఆపి
చుట్టూ సన్న బ్రష్‌తో వేస్తున్నాను.
చిన్నది గడియ దగ్గర వేలు పెట్టి
"ఇక్కడ జాగర్త" అంటోంది.

వంటింట్లో బియ్యం డబ్బా మీద ఫోను మోగుతోంది.
చేతులకి రంగుంది.
మోగనీ.