చుక్కల తొవ్వ

లంగర్‌హౌజ్ వంతెన దిగితే
రెండు నీళ్లు కలిసే చోట
మూసీ ఏదో ఈసీ ఏదో తేలని వాసన.
ఆదివారం. ఇంకా ఆరు కాలేదు.
చాయ్ బండి పక్కన బసప్ప నిలబడి ఉన్నాడు,
రబ్బరు చెప్పులు, భుజాన తువాలు,
గొలుసు లేకపోవడం ఇంకా అలవాటు కాని చేతులు.

ముప్పై ఒక్క ఏళ్లు సర్వే ఆఫీసులో
అతను గొలుసు లాగాడు, నేను నక్షాలకు నకళ్లు తీశాను.
ఎండ అతనిది. సిరా నాది.
వాగుకు నీలం, గట్టుకు గీత,
బండ్లబాటకు జంట గీతలు,
కాలిబాటకు చుక్కలు.
ఎన్ని ఊళ్లకు పెట్టానో చుక్కలు!
ఒక్కదాని మీదా కాలు పెట్టలేదు.
రిటైరైన రోజు, దండ ఇంకా మెడలో ఉండగానే,
"ఇగ నడుద్దామా మేడమ్, నువ్వు గీసినయన్నీ" అన్నాడు.

ఏటికి ఎదురీదడం కష్టమంటారు.
ఎదురు నడవడం అంత కష్టమేం కాదు,
మోకాళ్లు కొంచెం గొణుగుతాయి, అంతే.
ఈసీ గట్టున జమ్ము, తుమ్మలు,
మొన్నటి నిమజ్జనంలో మట్టి కరిగి
వెదురు ఎముకలు మిగిలిన గణపతి,
సగం మునిగిన సోఫా మీద
రెక్కలు ఆరేసుకుంటూ ఒక నీటికాకి,
అచ్చం మా పాత తాసిల్దారు.
గడ్డిమోపులు కడుతున్న ఇద్దరాడవాళ్లు
"ప్లాట్లు చూడనీకి వచ్చిన్రా?" అనడిగారు.
నడవడానికంటే నవ్వారు,
నవ్వి నవ్వి ఒక మోపు నా నెత్తికెత్తబోయారు:
"ఉత్తగ నడుసుడెందుకు, గిది పట్టుకొని నడువు!"

కిస్మత్‌పూర్ దాటాక గుండ్ల మధ్య సన్నటి సందు.
గునుగు పూసింది. తంగేడు పూసింది.
సీతాఫలం ఇంకా కన్ను విచ్చలేదు.
తీతువు ఒకటి మమ్మల్ని చూసి ఊరంతా లేపింది,
లేవడానికి ఊరు ఉంటే కదా.
బసప్ప ఆగాడు. పెదవులు కదుపుతూ అడుగులు లెక్కపెట్టాడు.
"ఈడ హద్దురాయి ఉండాలె."
చెప్పు విడిచి, మడమతో మన్ను గీకాడు.
ఉంది.
నెత్తిన బాణం గుర్తు అరిగిపోయి, నాచు పట్టి.
మందలోంచి తప్పిపోయిన పిల్లను తడిమినట్టు
కాసేపు దాన్ని తడుముతూ కూచున్నాడు.
నేను మాట్లాడలేదు.

తర్వాత గోడ.
పన్నెండడుగులు, పైన గాజుపెంకులు.
నా చుక్కలు దాని కిందకి దూరి
అవతల ఎవరి ఈతకొలనులోనో మునిగాయి.
"ఇటు దారి లేదమ్మా" అన్నాడు గేటు దగ్గర కుర్రవాడు.
ఉందన్నాను. నక్షా విప్పాను.
వంగి, చాలాసేపు చూశాడు.
"ఇవా? చీమలనుకున్నానమ్మా."
పేరు దాలినాయుడట. పలాస అవతలి ఊరు.
"మా ఊర్నూ ఉందమ్మా ఇలాటిది,
జీడితోట్లోంచి ఏటికి.
ఇప్పుడు ఎవలు నడస్తన్నారో."
గేటు తియ్యలేదు.
తన సీసాలో నీళ్లు మాత్రం ఇద్దరికీ పోశాడు.

గోడ వెంబడే, మురికి కాలువ పక్కగా,
ఉత్తరేణి పొదలు చీల్చుకుంటూ వెళ్లాం.
దారి లేదనుకున్న చోట
నల్లగా, గుండ్రంగా, ఆరీ ఆరని మేక పెంటికలు.
బసప్ప మొహం వెలిగిపోయింది.
"మేకలు తొవ్వ మార్చినయి మేడమ్.
నక్షానే ఎన్కబడ్డది."

హిమాయత్‌సాగర్ కట్ట ఎక్కేసరికి పదకొండు.
గాలి. నీళ్లు. అవతల ఔటర్ రింగు మీద
చప్పుడు లేకుండా జారిపోతున్న లారీలు.
సద్దరొట్టె విరిచి పెద్ద ముక్క నాకిచ్చాడు,
చిన్న ముక్క ఇచ్చినట్టు మొహం పెట్టి.

రాత్రి ఇంట్లో
చీర కుచ్చిళ్లకు పట్టుకొచ్చిన ఉత్తరేణి గింజలు
ఒక్కొక్కటీ గిల్లి తీస్తూ కూచున్నాను.
పారేయబోయి
బల్ల మీద నక్షా పరిచాను.
గోడ ఉన్న చోట, గోడ చుట్టూ,
కాలువ మలుపు దాకా పేర్చాను.
పదిహేడు గింజలు.
కట్ట దాకా చాలలేదు.

ఫ్యాను ఆపేసి పడుకున్నాను,
అవి కదలకుండా.